గేరు మార్చిన ఉద్యోగి పేరు, హోదా

ఆ సంవత్సరం జవాబుదారీ పక్షోత్సవాలు మండుటెండల్లో వచ్చాయి. రాజధానిలో ఎక్కడో ఒక ఫైలు మీద సంతకం ఎవరిదో తేలక పెద్దలు బాగా చిన్నబుచ్చుకున్నారట. అందుకని ఇక మీదట ఏ నిర్ణయమూ అనాథగా మిగలకూడదని ఉత్తర్వు వచ్చింది. నిర్ణయం ఎంత చిన్నదైనా సరే, దాని పక్కన ఒక ఉద్యోగి పేరు, హోదా ఉండి తీరాలి.

గుమ్మడిపేట పశువైద్య కార్యాలయం ఈ ఉత్తర్వును గుండెలకు హత్తుకుంది. మొదటి వారంలోనే ఫ్యాను వేసినవారి పేరు రాయడానికి ఒక రిజిస్టరు, ఆపినవారి పేరు రాయడానికి ఒక రిజిస్టరు తెరిచారు. కరెంటు పోయి ఫ్యాను ఆగిపోతే రెండో రిజిస్టరులో ఎవరి పేరు రాయాలని పై కార్యాలయానికి ఉత్తరం రాశారు. జవాబు వచ్చేదాకా ఫ్యాను వేయడం మానేశారు.

దాలినాయుడు ఆ కార్యాలయంలో డ్రైవరు. పందొమ్మిదేళ్ళుగా ఒకే బండి నడుపుతున్నాడు. అదొక పాత పికప్. ఇరవై రెండేళ్ళ కిందట ఏదో విదేశీ పథకంలో వచ్చింది. ఒకప్పుడు తెల్లగా ఉండేది, ఇప్పుడు పులిసిన పెరుగు రంగులోకి దిగింది. ఆ బండికి క్లచ్ లేదు. గేర్లు అదే మార్చుకుంటుంది. కొత్తలో దాలినాయుడు ఎడమకాలు ఏం చేసుకోవాలో తెలియక నెలరోజులు అవస్థ పడ్డాడు. తరవాత అలవాటైంది.

ఆ మే నెలలో బండికి జబ్బు చేసింది. నిలబడ్డ చోటు నుంచే మూడో గేరులో బయల్దేరుతోంది. లివరు ఎటు లాగినా మూడోదే. చదును రోడ్డు మీద ఎలాగో ఈడ్చుకొస్తుంది గానీ, కాస్త ఎత్తు తగిలితే చాలు, ఆయాసపడి ఆగిపోతుంది. మీటర్ల పక్కన పసుపుపచ్చ దీపం ఒకటి మిణుకుమిణుకుమంటోంది.

చదును రోడ్డు మీద పని అయితే ఎవరూ పట్టించుకునేవారు కాదు. కానీ జిల్లేడువలస కొండ మీద ఉంది. పన్నెండు కిలోమీటర్లు, ఏడు మలుపులు. అక్కడి మేకలకు వానలు పడకముందే టీకా పడాలి. ఆ టీకా మంచుపెట్టెలో, శాఖ వాహనంలోనే వెళ్ళాలి. అద్దె జీపులో పంపరాదు. పోనీ మేకలనే కిందికి తోలుకు రమ్మందామంటే, టీకా లబ్ధిదారు నివాసస్థలంలోనే వేయాలని ఇంకో నిబంధన.

గురువారం సంతకు దిగిన బిడ్డిక సుక్కి, ఎప్పటిలాగే చింతపండు బుట్ట అమ్ముకుని కార్యాలయం గేటు దగ్గరకు వచ్చింది. జిల్లేడువలసలో ఆమెకు ఇరవై మేకలు ఉన్నాయి. నిరుడు ముప్పై ఒకటి ఉండేవి.

"డైవర్ బాబూ, మందు బండెప్పుడొస్తాది?"

"బండికి బాగోలేదు సుక్కమ్మా."

"దానికీ సూది మందేయించండి మరి," అంది సుక్కి. నవ్వింది గానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "తొలకరి పడిందంటే కొత్త గడ్డి లేస్తాది బాబూ. ఆ లేత గడ్డి కడుపునిండా మేసినాదంటే, పొద్దున గెంతిన మేక సందేళకి చిటికేసినట్టు పడిపోతాది. నిరుడు నాయి పదకొండు అలాగే పోనాయి. ఈ ఇరవయ్యీ పోతే నా చేతిలో తోలుకునే కర్రొక్కటే మిగుల్తాది."

చిటుకు రోగమంటే దాలినాయుడికి తెలుసు. నిరుడు పికప్ వెనకాల ఆ మేకలను గోతి దాకా మోసింది అతనే. కొత్తగా వచ్చిన డాక్టరు హిమజ గారు కూడా పొద్దున్నే చెప్పారు. "వానకి కనీసం పదిహేను రోజుల ముందు వేస్తేనే టీకా పని చేస్తుంది దాలినాయుడు గారూ. వాన పడ్డాక వేస్తే మనకి పనే, మేకకి లాభం లేదు."

ఆ మధ్యాహ్నమే దాలినాయుడు బండిని మూడో గేరులో మూలిగించుకుంటూ గవర్రాజు షెడ్డుకు తీసుకెళ్ళాడు. గవర్రాజు వేబ్రిడ్జి పక్కన ఆటో కరెంటు పని చేస్తాడు. వరసకు అల్లుడు. స్టీరింగు కింద చీకట్లో చెయ్యి పెట్టి, ఒక చిన్న బెజ్జాల పెట్టెలో రెండు బెజ్జాలకు వంచిన తీగ ముక్క గుచ్చాడు. మీటర్ల పక్కన పసుపు దీపం నాలుగుసార్లు వెలిగి ఆరింది. ఆగింది. మళ్ళీ రెండుసార్లు వెలిగింది.

"నలభై రెండు," అన్నాడు గవర్రాజు.

"ఏటి నలభై రెండు?"

"జబ్బు నెంబరు మావా. బండే చెప్తాది. వినీవోడుండాల గానీ." గవర్రాజు బండి కింద దూరి, అక్కడి నుంచే మాట్లాడాడు. "గేరుబాక్సు తోకకాడ ఓ బుడిపుంటాది. బండి ఎంత జోరుగా ఎల్తందో అది చూసి, నీ సీటు కింద ఉన్న పెట్టికి చెప్తాది. పెట్టి దాన్ని బట్టి గేరు మారుస్తాది. ఇప్పుడేటైందంటే, మధ్యన తీగ కొనకి పచ్చగా చిలుం పట్టీసింది. కిందోడు చెప్పింది పైనోడికి ఎక్కట్లేదు. ఎక్కకపోతే ఆ పెట్టి భయపడిపోయి, ఎందుకొచ్చిన గొడవ అనీసి మూడో గేరులో కూకుండిపోతాది. మరింక ఎటూ కదల్దు."

దాలినాయుడికి ఆ పెట్టె మీద ఒక్కసారిగా గౌరవం కలిగింది. ఇరవై రెండేళ్ళు ప్రభుత్వ కార్యాలయంలో ఉంటే ఆ మాత్రం తెలివి ఎవరికైనా అబ్బుతుంది.

"ఎంతసేపు పని?"

"గీకీసి బిగిస్తే పది నిమిషాలు. టీ తాగి చేస్తే పావుగంట."

"చేసీ."

"కాయితం తే మావా. పోయినసారి కాయితం లేకుండా వైపరు మార్చినానని, పాత వైపరు మళ్ళీ బిగించీదాకా మీ సూపర్నెంటు నన్నొగ్గలేదు."

కార్యాలయ సూపరింటెండెంటు సుందరశివరావు గారు మరమ్మతు పత్రం ఇచ్చారు. అందులో ఆరు గడులు పాతవే. ఏడోది పక్షోత్సవాల సందర్భంగా కొత్తగా చేర్చారు. 'లోపము తలెత్తిన సమయమున గేరు మార్చిన ఉద్యోగి పేరు, హోదా.' దాలినాయుడు కాసేపు ఆలోచించి, ఉన్నది ఉన్నట్టు రాశాడు. 'ఎవరూ కాదు. అదే మార్చుకుంటుంది.'

అతను జీవితంలో రాసిన అతి చిన్న వాక్యాల్లో అదొకటి. అంత పని చేసిన వాక్యం మరొకటి లేదు.

సుందరశివరావు గారు కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. "అదే అంటే ఎవరయ్యా?"

"బండండి. సీటు కింద ఓ పెట్టుందండి. అది మారుస్తాది."

"ఎవరి అనుమతితో?"

"అడగదండి."

"ఎన్నాళ్ళ నుంచి?"

"వచ్చినకాడి నుంచేనండి. ఇరవై రెండేళ్ళు."

సుందరశివరావు గారు కలం కింద పెట్టారు. చెమట పట్టింది. ఫ్యాను లేదు. "అంటే ఈ కార్యాలయ ఆవరణలో, మన కళ్ళ ముందు, ఎవరి సంతకమూ లేకుండా, ఒక పెట్టె రోజుకు వందల నిర్ణయాలు తీసుకుంటోందన్నమాట!"

"సంత రోజైతే వేలండి," అన్నాడు దాలినాయుడు, ఉన్న నిజం దాచకుండా.

సుందరశివరావు గారు ఉత్తర్వు తెరిచారు. మూడో పేజీలో నిర్వచనాలు ఉన్నాయి. 'నిర్ణయము తీసుకొనువారెవరైనను ఈ ఉత్తర్వు నిమిత్తము ఉద్యోగిగా భావింపబడుదురు.' ఎవరైనను అన్నారే గానీ, మనిషి అయి ఉండాలని ఎక్కడా అనలేదు. ఆయన ఆ పేజీని మూడుసార్లు చదివారు. మూడుసార్లూ అనలేదు.

మర్నాటికి తాఖీదు తయారైంది.

'సీటు క్రింది పెట్టె గారికి. తమరు గత ఇరువది రెండు సంవత్సరములుగా సమర్థాధికారి పూర్వానుమతి లేకుండ గేర్లు మార్చుచున్నట్లును, ఇటీవల గేర్లు మార్చుట మానివేయుటకు సైతము అనుమతి పొందనట్లును మా దృష్టికి వచ్చినది. ఇందుకు తమపై క్రమశిక్షణ చర్య ఏల తీసుకొనరాదో ఏడు దినములలో సంజాయిషీ ఇచ్చుకొనవలెను.'

తాఖీదు అందినట్టు సంతకం కావాలి. పెట్టె సంతకం చేయలేదు. నిరాకరించినట్టు భావించి, ఇద్దరు సాక్షుల సమక్షంలో దాన్ని పెట్టె మీద అతికించారు. ఒక సాక్షి వాచ్‌మను. రెండో సాక్షి దొరకక, మందు సంగతి కనుక్కోవడానికి అప్పుడే మళ్ళీ గేటులోకి వచ్చిన సుక్కి చేత వేలిముద్ర వేయించుకున్నారు.

"ఈ ముద్ర మందుకేనా బాబూ?" అని అడిగింది సుక్కి, వేలి సిరా కొంగుకు తుడుచుకుంటూ.

దాలినాయుడు బండి వైపు చూశాడు. "మందు రాడానికేనమ్మా," అన్నాడు.

సాక్ష్యం తారుమారు కాకుండా బానెట్టుకు, తలుపులకు, చిలుము పట్టిన ఆ తీగకు కూడా లక్క ముద్రలు వేశారు. గవర్రాజు గేటు బయట నిలబడి, పది నిమిషాల పని జేబులో పెట్టుకుని వెనక్కి వెళ్ళిపోయాడు. ఏడు రోజులు గడిచాయి. పెట్టె నోరు మెదపలేదు. సుందరశివరావు గారు దాన్ని 'ధిక్కార ధోరణి' అని రాసుకున్నారు. కొండల వెనక నుంచి పొద్దున్నే ఒక మబ్బు తల ఎత్తి చూసి వెళ్తోంది. దాలినాయుడు రోజూ దాన్నే చూస్తున్నాడు.

విచారణాధికారిగా జిల్లా నుంచి పరమేశం గారు వచ్చారు. ప్రతివాది కదలలేని స్థితిలో ఉన్నందున విచారణను కార్యాలయం వెనక బండి ఉన్న షెడ్డులోనే పెట్టారు. బల్లను బండి ముందుకు జరిపి, దాని మీద ఆకుపచ్చ గుడ్డ పరిచారు. హిమజ గారు లేచి నిలబడ్డారు.

"సార్, తీగ చిలుం పట్టింది. బాగు చేస్తే పది నిమిషాల్లో..."

"కూర్చోండి డాక్టరు గారూ. మీది పశువైద్యము. ఇది యంత్రము. పరిధి దాటరాదు."

"పోనీ ఆ మెకానిక్కును పిలిపించండి సార్. అతనికి తెలుసు."

"విషయము తెలిసినవారు విచారణకు పనికిరారు," అన్నారు పరమేశం గారు, చిన్నపిల్లకు చెప్పినంత ఓపికగా. "వారికి ముందే ఒక అభిప్రాయము ఉండును."

ప్రతివాదిని మూడుసార్లు పేరు పెట్టి పిలిచారు. జవాబు లేదు. ఇలాగే ఇంకో వాయిదా పడితే ఇంకో వారం పోతుంది. దాలినాయుడు గొంతు సవరించుకున్నాడు.

"నాను మాట్లాడించగలనండి."

అందరూ బండి దగ్గరకు జరిగారు. అతను హిమజ గారి జడపిన్ను అడిగి తీసుకుని, ముద్ర విప్పడానికి అనుమతి రాయించుకుని, గవర్రాజు చూపించిన బెజ్జాల్లో గుచ్చి తాళం తిప్పాడు. అందరూ కిటికీలోంచి తొంగి చూశారు. పసుపు దీపం నాలుగుసార్లు వెలిగింది. ఆగింది. రెండుసార్లు వెలిగింది. ఎంతో వినయంగా, ఇరవై రెండేళ్ళలో మొదటిసారి కార్యాలయం తరఫున ఎవరో అడిగినందుకు, మళ్ళీ మొదటి నుంచి చెప్పింది.

"ఇదేమిటి?" అన్నారు పరమేశం గారు. "కన్ను కొడుతోంది!"

"మేడం గారు నిలబడ్డ వైపే సార్," అన్నారు సుందరశివరావు గారు.

మూడో అభియోగం అక్కడికక్కడే నమోదైంది. విధి నిర్వహణలో ఉన్న మహిళా అధికారి పట్ల అనుచిత ప్రవర్తన. హిమజ గారు తనకు ఏ అభ్యంతరమూ లేదని చెప్పారు. భయపడి అలా చెబుతున్నారని రాసుకున్నారు.

"కన్ను కాదండీ బాబూ, నెంబరు!" అన్నాడు దాలినాయుడు. "నాలుగూ, రెండూ. నలభై రెండు."

నంబరు అనగానే ఇద్దరు అధికారులూ కుదుటపడ్డారు. నంబరంటే నిబంధన. సుందరశివరావు గారు సేవా నిబంధనల పుస్తకం తెప్పించి నలభై రెండో నిబంధన తీశారు. ప్రసూతి సెలవు.

పరమేశం గారు ఆ పేజీ చివరిదాకా చదివి, మళ్ళీ మొదటికి వచ్చారు.

"కోరిక న్యాయమైనదే కావచ్చును," అన్నారు చివరికి పరమేశం గారు. "కానీ అభియోగములు ఎదుర్కొనుచుండగా సెలవు అడుగుట పలాయనము. పైగా వైద్య ధ్రువపత్రము జతపరచలేదు."

ఆ సాయంత్రమే పెట్టెను సస్పెండు చేశారు. ఉత్తర్వు ప్రకారం దాన్ని విధుల నుంచి తప్పించాలి, ప్రధాన కార్యస్థానం విడిచి వెళ్ళనివ్వకూడదు. కాబట్టి దాలినాయుడు సీటెత్తి, రెండు బోల్టులు విప్పి, తీగలన్నీ కలిసే ప్లగ్గు లాగేసి, ఆ పెట్టెను రెండు చేతులతో పట్టుకెళ్ళి సుందరశివరావు గారి బీరువాలో పెట్టాడు. అరచేతికి కాస్త వెడల్పు, అంతే. బీరువాకు తాళం వేశారు. బండి మీద మాత్రం ఏ అభియోగమూ లేదు. దాన్ని నిర్దోషిగా ప్రకటించి, తక్షణం విధుల్లో చేరవలసిందని ఉత్తర్వు ఇచ్చారు. గేరు మార్చే అధికారే లేని బండి ఏ విధులు ఎలా చేస్తుందన్నది పక్షోత్సవాల పరిధిలోకి రాని విషయం.

దాలినాయుడు గవర్రాజు దగ్గరకు నడిచివెళ్ళి బల్ల మీద కూలబడ్డాడు. "అయిపోనాదిరా. పెట్టి పీకించీసినారు."

గవర్రాజు చేతిలో టీ గ్లాసు ఆగింది. "పీకీసినారా? నిజంగా పీకీసినారా?"

"బీరువాలో పెట్టి తాళమేసినారు."

"ఓరి మావా!" గవర్రాజు లేచి నిలబడ్డాడు. "పెట్టి ఉండగా బండి దాని మాట వింటాది. పెట్టి లేపోతే గేరుబాక్సు నీ లివరు మాట వింటాది! కిందాకా లాగితే ఒకటి. మధ్యన పెడితే మూడు. పైకి తోస్తే నాలుగు. రెండో గేరుండదు, అంతే. నాను బాగు చేస్తే పది నిమిషాలయ్యీది. వాళ్ళు పది రోజులు చెడగొట్టి బాగు చేసినారు. ఎల్లు, బేగి ఎల్లు!"

మర్నాడు తెల్లారగానే మంచుపెట్టె ఒళ్ళో పెట్టుకుని హిమజ గారు ముందు సీట్లో కూర్చున్నారు. దాలినాయుడు లివరు కిందాకా లాగాడు. పికప్ ఒక్కసారి ఒళ్ళు విరుచుకుని, మొదటి గేరులో, పెద్ద గొంతుతో కొండ ఎక్కడం మొదలుపెట్టింది. అది ఎంత నెమ్మదిగా ఎక్కిందంటే, కింద సంత దారిలో వీళ్ళను చూసిన సుక్కి, అడ్డదారిన నడిచి ప్రతి మలుపులోనూ వీళ్ళకంటే ముందే నిలబడి ఉంది.

"బేగి రండి బాబూ!"

"మొదటి గేరమ్మా! ఇదే దీని జోరు!"

నాలుగో మలుపులో, "ఎక్కు సుక్కమ్మా," అన్నాడు దాలినాయుడు.

"ఎక్కితే ఆలస్యమైపోతాది," అని సుక్కి ముందుకు నడిచింది. ఊరికి ముందే చేరి, మేకలను దొడ్లలో కట్టించాలని ఆమె తొందర.

ఆ రోజు జిల్లేడువలసలో నాలుగు వందల పన్నెండు మేకలకు టీకా పడింది. హిమజ గారికి సూది మార్చి మార్చి వేళ్ళు వాచాయి. దాలినాయుడు జీవితంలో మొదటిసారి లాగ్‌బుక్కులో కూడా కొత్తగా చేర్చిన ఏడో గడిని ఏ ఇబ్బందీ లేకుండా నింపాడు. 'గేరు మార్చిన ఉద్యోగి: ఎం. దాలినాయుడు, డ్రైవరు.' రాసి, ఎడమకాలు బారజాపుకుని సంతోషించాడు.

ఆ వాక్యం కూడా చిన్నదే.

పొద్దున ఒకసారి మబ్బు తల ఎత్తి చూసేది గానీ, వాన మాత్రం ఇంకో పద్దెనిమిది రోజులు ఆగి పడింది. పడ్డ మొదటి వారంలోనే కొండంతా పచ్చబడింది. ఆ గురువారం సుక్కి తడిసిన తలతో గేటులోకి వచ్చింది. చేతిలో చింతపండు బుట్ట కూడా లేదు. అమ్మడానికి రాలేదు, చెప్పడానికే వచ్చింది.

"ఇరవయ్యీ ఉన్నాయి బాబూ. గడ్డి మేసినాయి. సందేళ లెక్కెట్టినాను, పొద్దున లెక్కెట్టినాను. ఇరవయ్యే." ఆమె అతని చేతిలోని కాగితం వంక చూసింది. "అదేటి, మళ్ళీ ముద్రెయ్యాలా?"

"లేదమ్మా. ఇది నాకు."

అది తాఖీదే. 'విధుల నుండి తప్పింపబడిన సీటు క్రింది పెట్టె నిర్వహించు గేరు మార్పిడి బాధ్యతలను, ఏ అదనపు బాధ్యతల ఉత్తర్వులును లేకుండ, పన్నెండు కిలోమీటర్ల పొడవునా తమరు స్వయముగా నిర్వహించినట్లు తమ స్వహస్తలిఖితమైన ఏడవ గడి వలన రుజువగుచున్నది.'

విచారణ అదే షెడ్డులో, అదే ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్ల ముందు జరిగింది. పరమేశం గారు అడిగారు. "మొదటి గేరు వేయమని మీకు ఎవరు చెప్పారు?"

దాలినాయుడు ఆలోచించాడు. తను నెంబరు చెప్పాడు, ప్రసూతి సెలవన్నారు. డాక్టరు గారు చెప్పారు, కూర్చోబెట్టారు. బండి చెప్పింది, కన్ను కొట్టిందన్నారు. అతనికి ఇప్పుడు కోపం కూడా లేదు. కొండ మీద ఇరవై మేకలు గడ్డి మేస్తున్నాయి.

అతను పరమేశం గారి ముఖంలోకి సూటిగా చూసి, నెమ్మదిగా, నాలుగుసార్లు కళ్ళు మూసి తెరిచాడు. కాస్త ఆగాడు. మళ్ళీ రెండుసార్లు మూసి తెరిచాడు.

సుందరశివరావు గారి చెయ్యి దానంతట అదే నిబంధనల పుస్తకం మీదికి పోయింది.

"ఏమంటున్నాడు ఇతను?" అన్నారు పరమేశం గారు.

హిమజ గారు నవ్వు ఆపుకోవడానికి తల వంచుకున్నారు. "కింది నుంచి చెప్పేది పైకి అందడం లేదంటున్నారు సార్."

పరమేశం గారు అది శ్రద్ధగా రాసుకున్నారు. రాసింది చదువుకుని తృప్తిగా తల ఊపారు.

"అలా అయితే," అన్నారు, "ఆ మాటే కింది నుంచి పైకి రాతపూర్వకంగా పంపమనండి."